ఉత్తర చూసి ఎత్తర గంప: సీమ వలసల లెక్క ఎందుకు తేలదు

ఉత్తర కార్తె సెప్టెంబరు రెండో వారం దాటాక మొదలై నెలాఖరు దాకా ఉంటుంది. అప్పటికీ వాన పడకపోతే ఆ ఏటికి పంట లేదని తేల్చుకుని, ఉన్న సామాను గంపకెత్తుకుని ఊరు విడవమంటుంది సామెత: "ఉత్తర చూసి ఎత్తర గంప". వాతావరణం తరిమితే జనం ఎలా కదులుతారన్న దాని మీద ఇప్పుడు ప్రపంచ బ్యాంకు దగ్గర్నుంచి అందరూ నివేదికలు రాస్తున్నారు. మనవాళ్లు నాలుగు మాటల్లో చెప్పేశారు. ఎప్పుడు చూడాలి, ఏం చూడాలి, చూశాక ఏం చేయాలి, మూడూ అందులో ఉన్నాయి.

చిక్కేమిటంటే, ఇప్పుడు గంప ఎత్తే రోజు ఉత్తరతో కుదరడం లేదు. కర్నూలు జిల్లా పడమటి మండలాలు కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం, ఆలూరు, హొళగుంద వైపు వానలు బాగా పడిన ఏడు కూడా జనం పోతారు. వాళ్లు దాన్ని వలస అనరు, 'సుగ్గికి పోవడం' అంటారు. సుగ్గి అంటే కన్నడంలో పంటకోతల కాలం. తమ పొలంలో సుగ్గి లేనివాళ్లు పక్క జిల్లా సుగ్గికి పోతారన్నమాట. దసరా, దీపావళి దాటితే ఊళ్లలో తాళం వేసిన తలుపులు, అరుగుల మీద ముసలివాళ్లు, వాళ్ల దగ్గర వదిలిన ఒకరిద్దరు పిల్లలు.

వాన పడింది కదా, మరి ఎందుకు పోతున్నారు? ఈ ప్రశ్నకు రెండు రకాల జవాబులు వింటుంటాం. అక్కడ కూలి ఎక్కువ గిడుతుందని పోతున్నారు, దీనికీ కరువుకూ సంబంధం లేదు అనేది ఒకటి. అంతా వాతావరణ మార్పు వల్లే అనేది రెండోది. మొదటి మాట ఆఫీసుల్లో ఎక్కువ వినిపిస్తుంది, రెండోది సెమినార్లలో. నా మటుకు నాకు రెండూ సగం సగమే అనిపిస్తాయి. వానకూ, ఊరు విడవడానికీ మధ్య మట్టి ఉంది, బోరు ఉంది, అప్పు ఉంది. వాన చేసే చెరుపు ఈ మూడు మెట్లూ దిగి ఇంట్లోకి వచ్చేసరికి రెండు మూడేళ్లు పట్టొచ్చు. అప్పుడు ఆ ఏటి వర్షపాతం పట్టిక తెరిచి చూస్తే అందులో ఏమీ కనిపించదు.

ఇసుక కాదు, మట్టి

ఎడారీకరణ అనగానే రాజస్థాన్ ఇసుక తిన్నెలు మన మీదికి నడిచి వస్తాయనుకుంటాం. అనంతపురం జిల్లాలో ఆ బొమ్మకు సరిపోయే చోటు ఒకటి నిజంగానే ఉంది. బొమ్మనహాళ్, కణేకల్లు మండలాల్లో వేదవతి నది పక్కన, గోవిందవాడ, దర్గా హొన్నూరు లాంటి ఊళ్ల దగ్గర ఇసుక దిబ్బలు కనిపిస్తాయి. వేదవతినే అక్కడ హగరి అంటారు. ఏడాదిలో ఎక్కువ రోజులు నది ఎండి, ఇసుక పరిచిన దారిలా ఉంటుంది. పైన కర్ణాటకలో 1907 నాటికే దీని మీద వాణీవిలాస సాగరం కట్టారు. కింద మన వైపు భైరవానితిప్ప ప్రాజెక్టు. నీళ్లు రాని నదీగర్భం మీద నైరుతి గాలి జూన్ నుంచి ఆగస్టు దాకా ఆగకుండా వీస్తుంది. ఇదే గాలిని నమ్మి 1990లలో రామగిరి గుట్టల మీద గాలిమరలు నిలబెట్టారు. బొమ్మనహాళ్ దగ్గర అదే గాలి ఇసుకను లేపి పొలాల్లో పోస్తుంది.

ఫొటోలకు బాగుంటుంది కాబట్టి ప్రతి కథనం ఈ దిబ్బలతోనే మొదలవుతుంది. కానీ అది కొద్ది ఊళ్ల సంగతి. ఎడారీకరణ మీద ఐక్యరాజ్యసమితి ఒప్పందం 1994లో కుదిరింది, 1996 చివర్లో అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం శుష్క, అర్ధశుష్క, కొంచెం తేమ ఉండే మెట్ట ప్రాంతాల్లో వాతావరణం వల్ల గానీ మనుషుల పనుల వల్ల గానీ నేల సారం చచ్చిపోవడమే ఎడారీకరణ. ఇసుక ప్రస్తావన అందులో లేదు. ఏది మెట్ట ప్రాంతమో చెప్పడానికి ఒక చిన్న లెక్క వాడతారు: ఏడాదికి పడే వానను, అక్కడి ఎండకూ గాలికీ ఆవిరైపోగల నీటితో భాగించడం. జవాబు 0.65 కంటే తక్కువైతే మెట్ట. అనంతపురంలో ఆవిరి అడిగే నీరు పడే వానకు మూడింతల పైమాటే. ఇస్రో 2021లో విడుదల చేసిన అట్లాసు ప్రకారం 2018-19 నాటికి దేశంలో 9 కోట్ల 78 లక్షల హెక్టార్లు, అంటే మొత్తం భూభాగంలో 29.77 శాతం, ఇలా క్షీణించిన నేలే.

మన దగ్గర ఆ క్షీణత ఎలా నడిచిందో చెప్పాలంటే చెనక్కాయ (వేరుశనగ) దగ్గరికి రావాలి. ఒకప్పుడు ఎర్రనేలల్లో కొర్ర, సజ్జ, జొన్న, ఆరికె, కంది, అలసంద కలిపి వేసేవాళ్లు. నూనె మిల్లులు, రొక్కం పంట మీద ఆశ, 1983 నుంచి రెండు రూపాయల కిలో బియ్యం, 1986లో మొదలైన నూనెగింజల మిషన్ అన్నీ కలిసి చెనక్కాయను ఏకైక పంటగా చేశాయి. ఒక దశలో ఉమ్మడి అనంతపురంలో 7 లక్షల హెక్టార్లకు పైగా అదే పంట. దేశంలో ఏ జిల్లాలోనూ అంత వేసేవాళ్లు కాదు. 1994లో పామాయిలు దిగుమతికి గేట్లు తెరిచారు, ధర మీద ఆ దెబ్బ పడింది. 2000 ఖరీఫ్‌లో కాండం కుళ్లు వైరస్ తెగులు వచ్చి పంటను ఊడ్చేసింది.

ధర సంగతి అందరూ మాట్లాడతారు. మట్టి సంగతి తక్కువ మంది గమనిస్తారు. జొన్నను కోస్తే కొయ్యకాళ్లు, వేళ్లు నేలలోనే మిగులుతాయి. గాలికి, వానకు అవే కాపలా. చెనక్కాయను కొయ్యం, పీకుతాం. వేరుతో సహా చెట్టంతా బయటికి వస్తుంది, కాయ అంగడికి పోతుంది, కట్టె పశువుకు పోతుంది. పశువు ఇంట్లో ఉన్నంత కాలం పేడ రూపంలో కొంత తిరిగి వచ్చేది. మేత లేక పశువులను సంతకు తోలేశాక ఆ కాస్తా ఆగిపోయింది. పీకిన తర్వాత నుంచి తొలకరి దాకా నేల బోడిగా ఉంటుంది, దున్ని వదిలిన చోట మరీను. జూన్ గాలికి సన్నమట్టి లేచిపోతుంది, గరుకు ఇసుక మిగులుతుంది. ఆ మీద గట్టి వాన పడితే పైపొర పెంకులా బిగుసుకుని నీళ్లు ఇంకకుండా జారిపోతాయి. అంటే అంతే వాన పడినా నేలకు దక్కేది తగ్గుతూ వచ్చింది. వర్షపాతం పట్టికలో ఇది ఎక్కడా కనపడదు.

తక్కువ వాన, తప్పిన వాన

దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లా అనంతపురమే అని చిన్నప్పటి నుంచి వింటున్నాం, ఉపన్యాసాల్లో ఇప్పటికీ చెబుతారు. బాడ్‌మేర్, బీకానేర్, లద్దాఖ్‌లోని లేహ్ వర్షపాతాలు పక్కన పెట్టుకుంటే ఆ మాట నిలవదు. అనంతపురం సగటు 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది, బీకానేర్‌కు దాదాపు రెట్టింపు. సగటు చూపించి బాధపడటం వల్ల అసలు జబ్బు కనపడకుండా పోయింది. జబ్బు పడే వాన ఎంతన్నది కాదు, ఎప్పుడన్నది. నైరుతి మబ్బు పడమటి కనుమల అవతలే దిగిపోయి, సీమ మీదికి వట్టి గాలిగా వస్తుంది. ఈశాన్య రుతుపవనం తూర్పు తీరంలో కురిసి, ఇక్కడికి వచ్చేసరికి పలచబడుతుంది. రెండు విస్తళ్ల చివర కూర్చున్నవాడికి వడ్డించినట్టు ఉంటుంది మన వాటా.

"ఆరుద్ర వాన అదను వాన" అంటారు. జూన్ చివర్లో, జులై మొదట్లో పదునైతే విత్తనం పడుతుంది. నెలకు పూత. ఆ తర్వాత ఊడలు దిగాలి. చెనక్కాయ వింత పంట, పువ్వు పైన పూసి కాయ కింద కాస్తుంది. ఊడ నేలలోకి దిగాలంటే పైమట్టి మెత్తగా, తడిగా ఉండాలి. సరిగ్గా అప్పుడే, ఆశ్లేష, మఖ కార్తెల్లో, బెట్ట పడుతుంది. మూడు వారాలు, ఒక్కోసారి నెల పైన చినుకు ఉండదు. నేల గట్టిపడి ఊడ గాల్లోనే ఎండుతుంది. పైకి పైరు పచ్చగానే కనిపిస్తుంది. తర్వాత సెప్టెంబరు చివర్లో, అక్టోబరులో కుండపోత పడి లోటు భర్తీ అవుతుంది, పట్టికలో 'సాధారణ వర్షపాతం' అని పడుతుంది. పీకి చూస్తే చెట్టుకు రెండు బుడ్డలు.

ఇది కొత్త సంగతి కాదని ఒప్పుకోవాలి. వాతావరణ మార్పు అనే మాట పుట్టకముందే 1876-78లో ధాత కరువు వచ్చింది. 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లాలో దాదాపు నాలుగో వంతు జనం తగ్గిపోయారు. చచ్చినవాళ్లెందరో, దేశం పట్టి పోయినవాళ్లెందరో విడదీయడం అప్పుడూ కాలేదు. కాబట్టి ఏదో ఒక బెట్టను చూపించి ఇది భూమి వేడెక్కడం వల్లే అనడం తొందరపాటు. వేడి వల్ల జరిగే చెరుపు ఇంకొకటి. గాలి వేడెక్కిన కొద్దీ నేల నుంచి, ఆకు నుంచి ఆవిరి ఎక్కువ లాగుతుంది. మునుపు ఇరవై రోజుల బెట్టకు తట్టుకున్న పైరు ఇప్పుడు పదిహేను రోజులకే వాడితే, వాన తగ్గకుండానే కరువు పెరిగినట్టు. వేడిగాలి నీటి ఆవిరి ఎక్కువ మోస్తుంది గనుక పడినప్పుడు కుమ్మరిస్తుంది కూడా. ఎండిపోవడం, కొట్టుకుపోవడం రెండూ ఒకే చోట, ఒకే ఏడు.

సామెత చెడిపోయింది ఇక్కడే. ఉత్తర దాకా చూడు అని పెద్దలు చెప్పారంటే, ఉత్తరకు తేలిపోతుందనే నమ్మకం మీద చెప్పారు. ఇప్పుడు ఉత్తరకు ఏమీ తేలడం లేదు. హస్తకు పడుతుందేమో, చిత్తకు పడుతుందేమో అని పప్పుశనగ విత్తనం కొని పెట్టుకుంటారు, అంటే ఇంకో అప్పు.

బోరు నుంచి అప్పు, అప్పు నుంచి బస్సు

వానను నమ్మలేక బోరును నమ్మారు. ఉమ్మడి అనంతపురంలో ఎక్కువ భాగం కింద నల్లరాయి, గ్రానైటు జాతి రాయి. పైన కొన్ని పదుల అడుగులు శిథిలమైన మెత్తటి పొర, దాని కింద అక్కడక్కడ పగుళ్లు. నీళ్లుండేది ఆ పొరలోనూ ఆ పగుళ్లలోనే. పడిన వానలో పదో వంతుకు అటూ ఇటూగా ఇంకితే గొప్ప. పై పొర ఎండాక 300 అడుగులు, 600, 1000 అడుగులు పోతారు. అక్కడ నీళ్ల కోసం కాదు, పగులు కోసం వెతుకుతున్నాం. తగిలితే తగిలినట్టు, లేకపోతే తెల్లటి రాతిపొడి. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని పొలమంతా నడిచి చోటు చూపించేవాళ్లు ఇంకా ఉన్నారంటే తప్పుపట్టలేం, రాతిలో పగులు ఎక్కడుందో పైనుంచి చెప్పడం అంత కష్టం. 2002లో వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం వచ్చింది, బోరుకు అనుమతి కావాలన్నారు. రాత్రికి రాత్రి బండి వచ్చి దించి పోయేచోట అనుమతి కాగితం ఎవరు అడుగుతారు?

బోరు కోసం చేసిన అప్పు మామూలు సేద్యం అప్పు లాంటిది కాదు. విత్తనం అప్పు ఒక పంటతో తీరుతుంది, లేదా ఒక పంటతో మునుగుతుంది. బోరు అప్పు మూడు నాలుగేళ్ల పంటను ముందే తినేస్తుంది. దీనికి వడ్డీ నెలనెలా ఠంచనుగా వస్తుంది. వానకు కార్తె తప్పొచ్చు గానీ వడ్డీకి తారీకు తప్పదు. ఈ రెండు క్యాలెండర్ల మధ్య ఇరుక్కున్న ఇల్లే వలస పోయే ఇల్లు. మంచి వాన పడిన ఏడు కూడా ఎందుకు పోతున్నారంటే, ఆ ఏడు వాళ్లు తీర్చేది ఆ ఏటి అప్పు కాదు గనుక.

ఇక్కడే మేస్త్రీ వస్తాడు. మిరప కోతల సీజనుకు మనుషులు కావాలని రైతుల నుంచి అడ్వాన్సు తెచ్చి, జంటకు ఇంతని ముందే చేతిలో పెడతాడు. ఆ డబ్బు పాత వడ్డీకి పోతుంది. చేయని పనికి ముందే డబ్బు తీసుకున్నాక, వాన పడినా సరే బండెక్కాల్సిందే. సామెత చెప్పిన వరస తలకిందులైంది: చూసి ఎత్తడం కాదు, ముందే ఎత్తుతానని మాటిచ్చి తర్వాత చూడటం.

పోయి సంపాదించిన దాంట్లో మిగిలింది ఏం చేస్తారని అడిగితే చాలా ఇళ్లలో వచ్చే జవాబు వినడానికి బాధగా ఉంటుంది. ఇంకో బోరు వేస్తారు.

ఎవరు ఎంత దూరం

వలస పోయేవాళ్లంతా ఒకటే అనుకోకూడదు. ఎంత దూరం పోతారన్నది ఎంత అప్పు పుడుతుందన్న దాన్ని బట్టి ఉంటుంది. కర్నూలు పడమటి వైపు సెంటు భూమి ఉన్నా లేనట్టే ఉన్న కుటుంబాలు గుంటూరు, పల్నాడు మిరప చేలకు, పత్తి తీతకు, తెలంగాణకు పోతాయి. కొందరు కోసిగిలోనో ఆదోనిలోనో రైలెక్కి ముంబయి దాకా పోతారు. పిల్లలతో సహా పోతారు కాబట్టి బడి పోతుంది. చేను గట్టున టార్పాలిన్ గుడారం, మార్చి ఎండ, మిరప ఘాటు. వాళ్లు కోసే మిరప కృష్ణ నీళ్లతో పండింది. తుంగభద్ర పక్కనే పారే మండలాల వాళ్లు, దిగువ కాలువ చివరి ఆయకట్టుకు నీళ్లు అందక, కృష్ణ ఆయకట్టుకు పోయి కూలి చేయడం ఎప్పుడు తలుచుకున్నా నాకు మింగుడుపడదు. పక్క రాష్ట్రం వాళ్లు రాలేదు, ఎడారి నుంచి రాలేదు, ఒకే రాష్ట్రంలో ఒక నది నుంచి ఇంకో నదికి వస్తున్నారు.

ఉమ్మడి అనంతపురం దక్షిణం వైపు, కదిరి, తనకల్లు, నల్లమాడ, హిందూపురం నుంచి బెంగళూరే దారి. బేల్దారి పని, సెంట్రింగు, అపార్టుమెంటు కాపలా, ఇళ్లల్లో పని. ఇది సీజను వలస కాదు, మెల్లగా ఇల్లే మారిపోయే వలస. ముందు మొగుడు, తర్వాత పెళ్లాం, తర్వాత పిల్లల బడి. చివరికి ఊళ్లో రేషను కార్డు, ఓటు, పాత ఇల్లు మిగులుతాయి.

కడప వైపు రాజంపేట, రాయచోటి, గాలివీడు నుంచి కువైట్. వీసాకు, ఏజెంటుకు కట్టడానికి తాకట్టు పెట్టే భూమో బంగారమో ఉండాలి, అది కూడా లేనివాడు కువైట్ పోలేడు. మగవాళ్లు డ్రైవర్లుగా, ఆడవాళ్లు ఇంటిపనికి. ఇల్లు గడవక ఒంటరిగా పోయిన ఆడవాళ్ల మీద మోసాలు ఎక్కువ. కదిరి ప్రాంతం నుంచి మాయమాటలు చెప్పి ఆడపిల్లలను పెద్ద నగరాలకు అమ్మిన ఉదంతాలూ ఉన్నాయి. దీన్ని కరువు లెక్కలో ఎవరూ రాయరు.

పోనివాళ్లు కూడా ఉన్నారు. నివేదికలు వాళ్లను తట్టుకుని నిలబడ్డవాళ్లుగా రాసేస్తుంటాయి. నిజానికి కొందరు కదలడానికి శక్తి లేక ఉండిపోయినవాళ్లు: మంచం పట్టినవాళ్లు, పింఛను ఆ ఊళ్లోనే తీసుకోవాల్సిన ముసలివాళ్లు, బస్సు ఛార్జీకి కూడా అడ్వాన్సు పుట్టనివాళ్లు.

ప్రతి కదలికనూ ఓటమిగా చూడటమూ సరికాదు. సీమలో గొర్రెల కాపరులు మేత వెతుక్కుంటూ మందలతో వందల మైళ్లు పోయి, రాత్రి మందను పొలంలో నిలిపి, ఎరువుకు బదులుగా గింజలో డబ్బులో తీసుకుని, వానలకు తిరిగి రావడం తరతరాల పద్ధతి. మెట్టనేలలో బతకడానికి కదలడం ఒక తెలివి. కదలడం వాళ్ల చేతుల్లో ఉందా, మేస్త్రీ చేతుల్లో ఉందా అన్నదే తేడా.

తారీకు ఉన్న ఆపద, తారీకు లేని ఆపద

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు నగరాన్ని ముంచాయి. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు పులపత్తూరు, మందపల్లి, తొగురుపేటల మీద పడింది. ఈ రెండింటికీ తారీకు ఉంది, పోయినవాళ్ల పేర్లున్నాయి, కూలిన ఇళ్ల జాబితా ఉంది, పరిహారం మీద జీవో ఉంది. కరువుకు ఇవేవీ ఉండవు. ఏ రోజున కరువు వల్ల ఊరు విడిచాడో చెప్పమంటే ఎవడు చెప్పగలడు? అందుకే ప్రపంచమంతటా విపత్తు నిర్వాసితుల లెక్కల్లో వరద, తుఫాను బాధితులు బారులు తీరి ఉంటారు, కరువు బాధితులు అంచున ఉంటారు.

మన లెక్కలూ అంతే. 2011 జనగణనలో ఊరు మారడానికి కారణం అడిగారు: పని, వ్యాపారం, చదువు, పెళ్లి, కుటుంబంతో రావడం వగైరా. కరువు అనే గడి లేదు. సుగ్గికి పోయినవాడు 'పని' అంటాడు, నిజమే చెబుతాడు. పైగా నాలుగు నెలలు పోయి వచ్చేవాడిని జనగణన వలసదారుగానే చూడదు. జాతీయ నమూనా సర్వే 2007-08లో మాత్రం నెల దాటి ఆరు నెలల లోపు పనికోసం బయట ఉన్నవాళ్లను విడిగా అడిగింది. దాని నమూనా నుంచి కోసిగి మండలం సంగతి తేల్చుకోవడం కుదరదు.

ప్రపంచ బ్యాంకు 2021 నివేదిక 2050 నాటికి ఆరు ప్రాంతాల్లో 21.6 కోట్ల మంది దాకా తమ దేశాల్లోనే ఇల్లు మారాల్సి రావొచ్చని, అందులో దక్షిణాసియా వాటా 4 కోట్ల పైన ఉండొచ్చని అంచనా కట్టింది. చాలా వార్తల్లో ఇది వాతావరణ శరణార్థుల వరదగా వచ్చింది. దానికి రెండు సవరణలు చెప్పుకోవాలి. ఒకటి, అది చెడ్డ దారిలో పోతే వచ్చే పై అంచు. రెండు, వాళ్లు సరిహద్దులు దాటేవాళ్లు కారు. 1951 శరణార్థుల ఒప్పందంలో కరువుకు చోటు లేదని అంతర్జాతీయ చర్చ చాలా నడుస్తుంది, అది కువైట్ విమానం ఎక్కేవాడికి కూడా పనికిరాదు, వాడు పనివాడి వీసా మీద పోతాడు. మిరప చేనుకు పోయేవాడికి అక్కర్లేనే లేదు. వాడికి కావాల్సింది పోయిన చోట బియ్యం, పిల్లకు బడి, మేస్త్రీ ఎగ్గొడితే అడిగే దిక్కు. 2025 దాకా అమల్లో ఉన్న 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం పేరులోనే ఉండేది, రాష్ట్రం దాటాలని. కోసిగి నుంచి పల్నాడు పోయినవాడు ఏ రాష్ట్రమూ దాటలేదు.

నీళ్లు వచ్చినా

హంద్రీ-నీవా ఎత్తిపోతల పథకం కింద శ్రీశైలం నీళ్లు మాల్యాల దగ్గర ఎత్తిపోసి 2012లో జీడిపల్లి దాకా తెచ్చారు. చెరువులు నిండిన చోట బోర్లలో మట్టం లేచింది, చీనీ (బత్తాయి) తోటలు నిలబడ్డాయి. అది కళ్లతో చూసిందే, కాదనలేం. కానీ ఆ నీటి వెనక ఇంకో రకం నిర్వాసితులున్నారు. శ్రీశైలం జలాశయం కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల ఊళ్లను 1981లో బలవంతంగా ఖాళీ చేయించారు. కడప జిల్లాలో గండికోట జలాశయం నింపడానికి 2020లో తాళ్లప్రొద్దుటూరు ఖాళీ అయింది. కరువు వలస ఆపడానికి తెచ్చిన నీళ్లు ఇంకొందరిని లేపాయి. ఎడారీకరణకు విరుగుడు చెప్పేటప్పుడు ఈ ఖాతా కూడా తెరవాలి.

ఈ నేలలో నీళ్లు నిలిపే విద్య మనకు లేనిదేం కాదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు కట్ట మీది 1369 నాటి శాసనం మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు లెక్కపెట్టి చెబుతుంది. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు రెండేళ్లు పనిచేసి ఆ చెరువు కట్టారట. ఆ అంగాల్లో చెరువుకు పైనున్న భూమి, వాగు సంగతి ఉంటాయి. ఇప్పుడు మనం పూడిక తీస్తాం, కట్ట బాగు చేస్తాం, పైనున్న వాగుకు అడ్డంగా లేఅవుటు వేస్తాం.

ఉపాధి హామీ పథకం దేశంలో మొట్టమొదట మొదలైంది కూడా ఇక్కడే, 2006 ఫిబ్రవరి 2న, అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో. పేరూ నిబంధనలూ మారుతూ వచ్చినా, ఊళ్లోనే కూలి దొరికితే పోరన్న ఆలోచన సరైనదే. లెక్క తప్పింది కూలి చేతికి వచ్చే రోజు దగ్గర. మేస్త్రీ పనికి ముందే డబ్బు ఇస్తాడు, ఉపాధి పని పూర్తయ్యాక వారాలు చూడమంటుంది. వడ్డీ కట్టాల్సినవాడు ఎటు పోతాడు?

కరువు ప్రకటన కూడా ఇలాగే ఆలస్యం. కేంద్రం 2016లో తెచ్చిన కరువు నిర్వహణ మాన్యువల్ ఖరీఫ్ కరువు మండలాలను అక్టోబరు 30 లోపు తేల్చమంటుంది. ఉత్తర సెప్టెంబరులోనే అయిపోతుంది. జాబితాలో పేరు రావడం, పెట్టుబడి రాయితీ మంజూరు కావడం, డబ్బు ఖాతాలో పడటం ఆ తర్వాతి మాట. అప్పటికి మిరప రెండో కోతకు వస్తుంది.

ఎవరు ఎప్పుడు పోయారో తెలుసుకోవడానికి కొత్త సర్వే అక్కర్లేదని నా అనుమానం. రేషను ఎక్కడైనా తీసుకునే వీలు వచ్చాక, కోసిగి కార్డు మీద పల్నాడులో బియ్యం తీసుకున్న ప్రతిసారీ ఆ నెల, ఆ ఊరు నమోదవుతాయి. ఊళ్లో ముసలివాళ్లే బియ్యం తీసుకుంటే కొంత లెక్క జారిపోతుంది, నిజమే. దాని పక్కన, వలస పోయినవాళ్ల పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టళ్లలో ఆ నెల చేరిన పిల్లల సంఖ్య పెట్టుకోవచ్చు, బడికి రాని పిల్లల హాజరు పెట్టుకోవచ్చు. మూడు రిజిస్టర్లూ ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి, మూడు వేర్వేరు శాఖల బీరువాల్లో.